పాత లైట్ మీటర్ కొనే ముందు: వెలుగును కొలవడం నేర్చుకుందాం

మీ ఇంట్లో తాతగారి పాత కెమెరా ఉందా? తోలు సంచిలో, అల్మారా పై అరలో, ఎవరూ ముట్టుకోకుండా ఉందా? ఉంటే దాన్ని కిందికి దించండి. లెన్స్ మెత్తని గుడ్డతో తుడవండి. షటర్ నొక్కి చూడండి. చాలా పాత కెమెరాలు ఇప్పటికీ పని చేస్తాయి. పని చేయనిది ఒకటే: వెలుగును కొలిచే భాగం. కొన్ని కెమెరాలలో అది అసలు ఉండదు. కొన్నిటిలో ఉంటుంది కానీ ముల్లు కదలదు.

అందుకే మీకు విడిగా ఒక లైట్ మీటర్ కావాలి. మన మారిషస్‌లో పాత ఫొటోగ్రాఫర్లు దీన్ని ఫ్రెంచి మాటతో "సెల్యూల్" అంటారు. అరచేతిలో పట్టే చిన్న పెట్టె. ఎంత వెలుగు ఉందో, ఆ వెలుగుకు కెమెరాను ఎలా పెట్టాలో అది చెబుతుంది. కొత్తది కొంటే ఖర్చు ఎక్కువ. పాతది తక్కువలో దొరుకుతుంది. కానీ పాతది కొనాలంటే కొన్ని విషయాలు తెలియాలి. ఆ విషయాలే ఈ వ్యాసంలో చెబుతాను.

ముందు ఒక మాట. వెలుగు, వెలుతురు అనే రెండు మాటలూ మీకు ఈ వ్యాసంలో కనిపిస్తాయి. మందిరం తరగతిలో మాకు ఈ రెండూ నేర్పారు. రెండిటికీ అర్థం దాదాపు ఒకటే. గదిలో వెలుతురు ఉంది అంటాం. దీపం వెలుగు అంటాం. రెండూ వాడండి, తప్పు లేదు.

మన ముఖాలు, మన ఫొటోలు

ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు కదా, ఇదంతా ఎందుకు అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. జవాబు కోసం కొంచెం వెనక్కి వెళదాం.

మన పూర్వీకులు కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి, ఇతర రేవుల నుంచి ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చారు. 1843లో వచ్చిన "కోరింగా పాకెట్" అనే ఓడ పేరు మనలో చాలామందికి తెలుసు. 1867లో ఇక్కడ ఒక చట్టం వచ్చింది. ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా తమ ఫొటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. టికెట్ లేకుండా రోడ్డు మీద దొరికితే పోలీసులు పట్టుకునేవారు. ఈ బాధ గురించి 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సహాయంతో పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. ఆనాటి వలస రికార్డులు, ఫొటోలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి.

కాబట్టి మనలో కొన్ని కుటుంబాలకు మొట్టమొదటి ఫొటో పెళ్ళి ఫొటో కాదు, పండుగ ఫొటో కాదు. మనిషిని గుర్తుపట్టడానికి ప్రభుత్వం తీయించిన ఫొటో.

తరువాత కాలంలో మన ఇళ్ళలో కూడా కెమెరాలు వచ్చాయి. ఆ ఆల్బములు ఒకసారి తెరిచి చూడండి. తెల్ల చీర కట్టుకున్న అవ్వ ఎండలో నిలబడి ఉంటుంది. చీర అంచు బాగా కనిపిస్తుంది. ముఖం మాత్రం నల్లగా, కళ్ళు ఎక్కడున్నాయో తెలియకుండా ఉంటుంది. ఇంకొక ఫొటోలో మామయ్య రాత్రిపూట మందిరంలో కూర్చుని ఉంటాడు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఇద్దరిదీ చామనచాయ. రెండు ఫొటోలలోనూ ఆ చాయ లేదు.

దీనికి అవ్వ కారణం కాదు, మామయ్య కారణం కాదు. వెలుగును కొలిచిన పద్ధతి కారణం. ఆ పద్ధతి అర్థమైతే ఏ మీటరు కొనాలో కూడా మీకు తెలుస్తుంది.

మూడు అంకెలు

ఫిల్ము మీద పడే వెలుగు మూడు అంకెల మీద ఆధారపడుతుంది.

మొదటిది ఫిల్ము వేగం. పెట్టె మీద 100, 200, 400 అని రాసి ఉంటుంది. 400 ఫిల్ముకు తక్కువ వెలుగు చాలు. 100 ఫిల్ముకు దానికి నాలుగు రెట్లు కావాలి.

రెండవది అపర్చర్, అంటే లెన్స్‌లోని రంధ్రం. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని అంకెలు ఉంటాయి. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఇది మొదట్లో తికమకగా ఉంటుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

మూడవది షటర్ వేగం, అంటే రంధ్రం ఎంతసేపు తెరిచి ఉంటుంది. 1/60, 1/125, 1/250, 1/500 సెకను అని ఉంటుంది.

అపర్చర్ ఒక అంకె కదిపినా, షటర్ ఒక అంకె కదిపినా, వెలుగు రెండింతలు అవుతుంది లేదా సగం అవుతుంది. ఈ ఒక్క అడుగును "స్టాప్" అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీటరు కొనేటప్పుడు ఇది చాలా అవసరం.

ఒక పాత సూత్రం కూడా నేర్చుకోండి. ఆకాశం నిర్మలంగా ఉండి ఎండ బాగా కాస్తున్నప్పుడు అపర్చర్ 16 పెట్టండి. షటర్ వేగం ఫిల్ము వేగానికి దగ్గరగా పెట్టండి. 100 ఫిల్ము అయితే 1/125. 400 ఫిల్ము అయితే 1/500. దీన్ని "సన్నీ 16" అంటారు. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో మధ్యాహ్నం ఎండకు ఇది సరిపోతుంది. మామిడిచెట్టు నీడలోకి వెళ్తే సరిపోదు. అక్కడ మీటరు కావాలి.

మీటరు దేన్ని చూస్తుంది?

మీటర్లు రెండు విధాలుగా కొలుస్తాయి.

మొదటి విధం: వస్తువు మీద పడి తిరిగి వచ్చే వెలుగును కొలవడం. మీ కెమెరా, మీ ఫోను ఇలాగే చేస్తాయి. మీరు కెమెరా దగ్గర నిలబడి మీటరును మనిషి వైపు తిప్పుతారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీటరుకు చీర తెలియదు, ముఖం తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది.

తెల్ల చీర ఎదురుగా ఉంటే ఏమవుతుంది? "వెలుగు చాలా ఎక్కువగా ఉంది, తగ్గించు" అని మీటరు చెబుతుంది. అలా చేస్తే చీర బూడిద రంగులోకి వస్తుంది. చీరతో పాటు ముఖమూ నల్లబడుతుంది. తేడా రెండు స్టాపుల దాకా ఉండవచ్చు. చీకటి గోడ ముందు మామయ్య ఉంటే? "వెలుగు చాలదు, పెంచు" అంటుంది. ముఖం వెలిసిపోతుంది.

రెండవ విధం: మనిషి మీద పడే వెలుగును కొలవడం. ఈ మీటరుకు ముందు తెల్లని గుండ్రటి టోపీ ఉంటుంది, సగం పింగ్‌పాంగ్ బంతిలాగా. మీరు మనిషి దగ్గరకు వెళ్ళి, ముఖం పక్కన మీటరు పెట్టి, ఆ తెల్ల టోపీని కెమెరా వైపు తిప్పుతారు. ఇప్పుడు మీటరు అవ్వను చూడడం లేదు. అవ్వ మీద పడే ఎండను చూస్తోంది. చీర తెలుపైనా ఎరుపైనా, ముఖం నలుపైనా చామనచాయైనా, అంకె మారదు. తెలుపు తెలుపుగా వస్తుంది. చామనచాయ చామనచాయగా వస్తుంది.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను: మీరు మనుషుల ఫొటోలు తీయాలనుకుంటే తెల్ల టోపీ ఉన్న మీటరునే కొనండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే మీటరు ఆప్‌లు చాలావరకు మొదటి విధంగానే కొలుస్తాయి. కొండలకు, సముద్రానికి అవి చాలు. అవ్వ ముఖానికి చాలవు.

పాత మీటరులో ఇంకొక లాభం ఉంది. దాని చక్రం తిప్పితే సరైన జతలన్నీ ఒకేసారి కనిపిస్తాయి: 16తో 1/125, 11తో 1/250, 8తో 1/500. మూడూ ఒకే వెలుగు. దీన్ని కళ్ళతో చూస్తే పుస్తకం చదివినదానికంటే త్వరగా అర్థమవుతుంది.

ఏ రకం మీటరు?

సెకండ్ హ్యాండ్‌లో మీకు ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, సెలీనియం మీటర్లు. వీటికి బ్యాటరీ అక్కరలేదు. వెలుగు పడితే సెలీనియం పలక కొంచెం విద్యుత్తు పుట్టిస్తుంది, ముల్లు కదులుతుంది. వెస్టన్ మాస్టర్, సెకోనిక్ ఎల్-398 ఈ రకమే. చాలా అందమైనవి, నేర్చుకోవడానికి మంచివి. కానీ సెలీనియం పలకకు వయసు మీదపడుతుంది. తేమ దానికి శత్రువు. మన దీవిలో తేమకు కొదవ లేదు. పలక చచ్చిపోతే బాగుచేయించడం కష్టం. ఇంకొక మాట: దీపం వెలుగు లాంటి తక్కువ వెలుగును ఇవి సరిగా కొలవలేవు.

వెస్టన్ కొంటే "ఇన్వర్కోన్" అనే తెల్ల ముక్క కూడా ఉందేమో అడగండి. అదే దాని టోపీ. అది విడిగా ఉంటుంది కాబట్టి తరచుగా పోతుంది. మీ మీటరు సిరీస్‌కు తగినదే కావాలి. సెకోనిక్ ఎల్-398 కొంటే టోపీ వెనుక పెట్టే సన్నని రంధ్రాల పలక ఉందేమో చూడండి. ఎక్కువ ఎండలో ఆ పలక పెట్టాలి. లేకపోతే మన ఎండకు ముల్లు చివరిదాకా వెళ్ళి ఆగిపోతుంది.

రెండు, పాత బ్యాటరీ మీటర్లు. జర్మనీ కంపెనీ గోసెన్ చేసిన లూనాసిక్స్ వీటిలో ప్రసిద్ధమైనది. చాలా తక్కువ వెలుగును కూడా కొలుస్తుంది. తెల్ల టోపీ దానికే అమర్చి ఉంటుంది, పక్కకు జరపవచ్చు. చిక్కు బ్యాటరీతో వస్తుంది. పాత లూనాసిక్స్‌కు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు రెండు కావాలి. పాదరసం విషం కాబట్టి వాటిని ఇప్పుడు తయారు చేయడం లేదు. మామూలు 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు తప్పు చెప్పవచ్చు. చెవిటి మిషన్‌కు వేసే 675 సైజు బ్యాటరీలు మందుల షాపులో దొరుకుతాయి. వాటి వోల్టేజి దగ్గరగా ఉంటుంది. సైజు చిన్నది కాబట్టి చుట్టూ ఒక రింగు పెట్టాలి. తరువాత వచ్చిన లూనాసిక్స్ ఎఫ్‌కు ఈ బాధ లేదు. అది మామూలు 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది.

మూడు, అంకెలు చూపించే కొత్త తరం మీటర్లు. సెకోనిక్ ఎల్-308 వరుస మంచి ఉదాహరణ. ఒక్క ఏఏ బ్యాటరీ చాలు. టోపీ ఉంది. ఫ్లాష్‌ను కూడా కొలుస్తుంది. ధర ఎక్కువ, చింత తక్కువ. ముల్లు, చక్రం మాత్రం ఉండవు.

కొనే ముందు ఐదు నిమిషాల పరీక్ష

అమ్మేవారు "ముల్లు కదులుతోంది" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ కదలడం వేరు, సరిగా కదలడం వేరు. వీలైతే మీటరును చేతిలోకి తీసుకుని ఈ పరీక్షలు చేయండి.

1. బ్యాటరీ ఉన్న మీటరు అయితే బ్యాటరీ గది మూత తెరవండి. పచ్చగానో తెల్లగానో బూజులాంటి పొడి ఉంటే వద్దనుకోండి.

2. సెలీనియం మీటరు అయితే ముందు భాగాన్ని చేత్తో పూర్తిగా మూయండి. ముల్లు సున్నా దగ్గరకు రావాలి. రాకపోతే సరిచేయడానికి చిన్న స్క్రూ ఉంటుంది.

3. చేయి మెల్లగా తీయండి. ముల్లు గెంతకుండా, ఎక్కడా ఆగకుండా పైకి వెళ్ళాలి. మీటరును అటూ ఇటూ వంచి మళ్ళీ చూడండి.

4. నిర్మలమైన ఎండలోకి వెళ్ళండి. ఫిల్ము వేగం 100 పెట్టి, తెల్ల టోపీని సూర్యుడి వైపు తిప్పండి. 1/125 దగ్గర 16 చూపించాలి. అర స్టాప్ తేడా ఉన్నా పరవాలేదు.

5. ఇప్పుడు నీడలోకి, తరువాత గదిలోకి రండి. బాగా పనిచేసే ఇంకొక మీటరుతో పోల్చండి. అది లేకపోతే ఫోన్ ఆప్‌తో పోల్చవచ్చు. అప్పుడు మీటరు టోపీ పక్కకు జరిపి, రెండిటినీ ఒకే ఖాళీ గోడ వైపు తిప్పాలి.

ఈ అయిదవ పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. ఎండలో ఒక స్టాప్ తక్కువ, గదిలో కూడా ఒక స్టాప్ తక్కువ చూపిస్తే ఆ మీటరు పనికొస్తుంది. 100 ఫిల్ము వేసినప్పుడు చక్రం మీద 200 పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. కానీ ఎండలో సరిగా చూపించి, గదిలో మూడు స్టాపులు తక్కువ చూపిస్తే పలక ముసలిదైపోయింది. ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. ఆ మీటరుతో పాడయ్యే ఫిల్ములు, వాటిని కడిగించే ఖర్చు, మిగిలిన డబ్బుకంటే ఎక్కువవుతాయి.

దూరం నుంచి తెప్పించుకుంటే, ఫ్రాన్స్‌లోనో రీయూనియన్‌లోనో ఉన్న చుట్టాలు తెస్తామంటే, అమ్మేవారిని రెండు ఫొటోలు అడగండి. ఒకటి ఎండలో ముల్లు ఎక్కడుందో చూపించేది, ఇంకొకటి గదిలో కిటికీ దగ్గర. తిరిగి ఇచ్చే వీలుందా అని కూడా ముందే అడగండి.

పాత మీటరు మీద అంకెలు వేరుగా ఉంటే భయపడకండి. జర్మనీ మీటర్ల మీద డిన్ అని ఉంటుంది: 21 అంటే 100, 24 అంటే 200, 27 అంటే 400. రష్యా మీటర్ల మీద గోస్ట్ అని ఉండవచ్చు. పాత గోస్ట్ 90 అంటే మన 100. చాలా పాత వెస్టన్ మీటర్ల మీద వెస్టన్ సొంత అంకెలు ఉంటాయి. వాటిలో 100 అంటే ఇప్పటి 125కు దగ్గర.

కొన్న తరువాత మీటరును సంచిలో పెట్టి, పొడిగా ఉండే చోట ఉంచండి. సముద్రం దగ్గర ఉండేవారు గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి.

మొదటి ఫిల్ము

ఒకే రకం ఫిల్ము ఎంచుకోండి. ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లాంటి 400 వేగం నలుపు-తెలుపు ఫిల్ము నేర్చుకోవడానికి మంచిది. 36 ఫొటోలు వస్తాయి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి ఫొటోకు మూడు విషయాలు రాయండి: మీటరు ఏం చెప్పింది, మీరు ఏం పెట్టారు, వెలుతురు ఎటు నుంచి వచ్చింది.

ఇంట్లో ఒక పెద్దవారిని వరండాలో కూర్చోమనండి. ఎండ నేరుగా పడకూడదు. టోపీ కెమెరా వైపు తిప్పి కొలవండి. మీటరు చెప్పినట్టు ఒకటి తీయండి. ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చి ఒకటి, ఒక స్టాప్ తక్కువ ఇచ్చి ఒకటి తీయండి. తరువాత అదే పని ఎండలో, తలుపు దగ్గర, సాయంత్రం వేళ చేయండి.

ఫిల్ము కడిగి వచ్చాక ప్రింట్ మాత్రమే చూడకండి. ల్యాబులో యంత్రం వెలుగును తనకు తానే సర్దేస్తుంది. నెగెటివ్‌ను కిటికీ దగ్గర పట్టి చూడండి. నెగెటివ్‌లో అంతా తలకిందులు: చీర నల్లగా, జుట్టు పలచగా కనిపిస్తుంది. జుట్టులో, కళ్ళ కింద నీడలో ఏమీ లేకుండా గాజులాగా ఉంటే వెలుగు చాలలేదు. నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది. తక్కువను ఓర్చుకోదు. కాబట్టి అనుమానం వస్తే ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వండి.

దీపం చుట్టూ

ఇది నేర్చుకున్నాక కష్టమైన పరీక్ష ఒకటి ఉంది: రామభజన. మధ్యలో దీపం, చుట్టూ తిరుగుతూ పాడేవారు, తాళాలు, రాత్రంతా భజన. కెమెరాలో ఉన్న మీటరు దీపపు మంటను చూసి మోసపోతుంది. "వెలుగు బాగా ఉంది" అంటుంది. దీపం ఒక్కటే పడుతుంది, మనుషులు చీకట్లో కలిసిపోతారు.

మీరు భజన మొదలవక ముందే వెళ్ళండి. పెద్దల అనుమతి అడగండి. పాడేవారు నిలబడే చోట నిలబడి, టోపీ కెమెరా వైపు తిప్పి కొలవండి. ఇక్కడ సెలీనియం మీటరు చేతులెత్తేస్తుంది. లూనాసిక్స్ కానీ అంకెల మీటరు కానీ కావాలి. పాత లూనాసిక్స్ చీకట్లో నెమ్మదిగా కదులుతుంది. ముల్లు ఆగేదాకా ఓపిక పట్టండి. 400 ఫిల్ముకు అపర్చర్ 2, షటర్ 1/15 అని చెబితే ఆశ్చర్యపోకండి. నడిచేవారు చెదిరిపోతారు. కాబట్టి పాట ఆగిన క్షణంలో, లేదా పక్కన కూర్చుని తాళం వేసే తాతగారిని తీయండి. ఫ్లాష్ వేయకండి. ఫ్లాష్ వేస్తే ముఖం పడుతుంది, దీపం వెలుగు పోతుంది.

ఆ తాతగారికి తెలిసిన పాటలు కొన్ని ఎక్కడా రాసి ఉండకపోవచ్చు. ఆయన ముఖం మీద పడిన దీపం వెలుగు కూడా అంతే. ఒక్కసారే దొరుకుతుంది. అందుకే ఐదు నిమిషాల పరీక్ష, నోటుపుస్తకం, ఓపిక.

చివరిగా ఒక పని. ప్రింట్ చేతికి రాగానే వెనుక మెత్తని పెన్సిల్‌తో ఆ మనిషి పేరు, ఊరు, తేదీ రాయండి. తెలుగు లిపిలో రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా సరే. టికెట్ ఫొటోలో మన పెద్దలకు ఒక నంబరు ఇచ్చారు. మీరు తీసే ఫొటోలో పేరు ఉండాలి. పేరు ఎలా రాయాలో తెలియకపోతే ఆ అవ్వనే, ఆ తాతనే అడగండి. సంతోషంగా చెబుతారు.